సమీనాకు కాలరు నేర్పిన పూట

గంగమ్మ టిఫిన్ డబ్బాలో చిత్రాన్నం అదుముతుంటే మొగుడు మునిస్వామి చాప మీద నుంచే, ఆమె జీతం పెంచమని అడిగిన సంగతి ఎత్తాడు.

“అడిగేదే తప్పు. నీ సంబళం పెరిగితే ఎంత, పెరగకుంటే ఎంతమే? సంసారం నడిపేది నేను గదా!”

సంసారం నడిపే ఆయనకు నీళ్లు కాచి, పిల్లలకు జడలు వేసి, ఏడింటికల్లా గంగమ్మ బెంగళూరు పక్కనున్న బొమ్మసంద్రకు బస్సెక్కింది. సీటు దొరికితే ఆ అర్ధగంటే ఆమెకు సొంతం. ఈ పొద్దు దాన్ని కూడా గార్మెంట్స్ ఫ్యాక్టరీ మేనేజర్ బైరప్ప నిన్న అన్న మాటే తినేసింది. చేరింది తొంభై ఒకటిలో. ఈ ఏడేళ్లలో జీతం పెంచమని నోరు తెరిచింది నిన్ననే. పాపం ఆయన కసరలేదు, నవ్వుతూనే నల్లబోర్డు చూపించాడు. గంటగంటకూ ఎవరెన్ని కాలర్లు కుట్టారో దాని మీద రాస్తారు.

“నీవే చూడమ్మా. అందరికంటే నీదే కమ్మి ఉండాది. ఎట్ల పెంచేది?”

నిజమే, తక్కువే. కొత్తగా ఏ పిల్ల చేరినా “గంగమ్మ పక్కన కూర్చో పో” అని పంపుతారు. ఆ లైనులో ముప్పై మంది ఉంటే ఇరవై మందికి కాలరు తిప్పి కుట్టడం నేర్పింది తనే. ఇప్పుడు వాళ్ల అంకెలన్నీ తనకంటే పెద్దవి. ఆ మాట నిన్న చెప్పనేలేదు. చెప్పాలని తోస్తే కదా! నేర్పేది కూడా పనేనని ఆమే ఎన్నడూ అనుకోలేదు. పొద్దున్నే పొయ్యి వెలిగించినట్టు, అదీ అంతే అనుకుంది. ఇంక ఎవరికీ నేర్పకూడదని బస్సు దిగేలోపల గట్టిగా అనుకుంది.

లోపలికి పోతే పక్క స్టూలు మీద కదిరి పిల్ల, సమీనా, కొత్తగా చేరింది. సూది ఎక్కడ దిగుతుందోనని వేళ్లు మాటిమాటికీ వెనక్కి తీసుకుంటోంది. ఆ వేళ్లు చూశాక గంగమ్మ పట్టుదల ఎంతసేపు నిలుస్తుంది?

“బెదరొద్దు పాపా. నా చెయ్యి మీద నీ చెయ్యి పెట్టు. గుడ్డను లాగొద్దు, దానంతట దాన్నే పోనీ.”

కాసేపు కుట్టాక ఆ పిల్ల మెల్లగా అడిగింది. “అక్కా, నా వల్ల నీకు పని తగ్గిపోతాది కదా?”

గంగమ్మ మిషన్ ఆపేసింది. నేర్చుకుపోయిన ఇరవై మందిలో ఒక్కరూ ఆ మాట అడగలేదు.

గంట కాగానే బైరప్ప వచ్చి, ఆమె పేరు పక్కన పదకొండు అని వేశాడు.

“సార్, సమీనాకు నేర్పించినానని కూడా రాయండి.”

“అట్ల రాసేకి బోర్డులో గడే లేదు కదమ్మా!” ఆయన నవ్వాడు.

గంగమ్మ లేచింది. ఆయన చేతిలోని సుద్దముక్క అడిగి తీసుకుంది. తన పేరు దగ్గర ఒక్కచోటే కాదు, ముప్పై పేర్లకూ సరిపోయేటట్టు, పైనుంచి కిందిదాకా నిలువుగా గీత గీసింది.

“ఇప్పుడుండాది సార్. రాయండి.”