తూర్పు మూల మన్ను

నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చాయి. తప్పులుంటే దిద్దుకొని చదవండి. పేజీ రాయడానికి పూట పడుతుంది, అందుకే కథ చిన్నది.

పుంగనూరు కుమ్మరి ఈశ్వరప్పకు మగపిల్లలు లేరు. ఆయన పోయాక కుండలు కాల్చే ఆవం, తిప్పి చేసే సారె, కుప్పం హోటలుకు పోసే పెరుగు ముంతల బేరం కూతురు మాలతి చేతికొచ్చాయి. కుమ్మరోళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు మన్ను తొక్కుతారు, కుండలు ఎండబెడతారు, ఆవం పేరుస్తారు. సారె మాత్రం ముట్టుకోరు. మాలతి ముట్టుకుంది. తండ్రి మంచాన పడిన మూడేళ్ళూ కుప్పం పోయిన ముంతలు ఆమె చేసినవే.

ఆ గుట్టు తెలిసినవాడు చిన్నాయన జనార్దన్. మదనపల్లెలో అంగడి పెట్టుకొని, అన్న చేసిన కుండలు అమ్ముకొని బతికిన మనిషి. అన్న పెద్దకర్మ కాగానే కుప్పం పోయి హోటలు కెంపమ్మ ముందర కూర్చున్నాడు.

"ఆడది సారె తిప్పిన ఇంటి ముంతలో పాలు తోడుకుంటాయా అమ్మా? మా అన్న పేరుతో నేను పోస్తా సూడు."

బేరం ఆయనకు పోయింది. అది లేకపోతే పుంగనూరు ఆవం ఆరిపోయినట్టే. మాలతి ఏడవలేదు. ఇంతకింత ఆయనకు తగలాలని మాత్రం అనుకుంది.

నెల తిరక్కముందే మన్ను తోలే ట్రాక్టరు బీరప్ప వచ్చాడు.

"మీ చిన్నాయన చెరువు తూర్పు మూల మన్ను తోలించుకుంటాండాడమ్మా. దాంట్లో సున్నపురాళ్ళు ఉండాయని మీ నాయన ముట్టేవాడే కాదు. నేను చెప్పబోతే, తోలేవానికి యాల ఈ మాటలు అనె. నువ్వన్నా చెప్పేది."

"అంగట్లో కూర్చున్నోనికి మన్ను తెలీదా బీరప్పా? తోలు, ఇంకో రెండు లోడ్లు తోలు."

బీరప్ప ఆమె మొహం చూసి ట్రాక్టరు ఎక్కాడు.

జనార్దన్ కూలికి మనుషుల్ని పెట్టి చేయించిన ముంతలు ఎర్రగా కాలాయి. వేలితో కొడితే ఖంగుమన్నాయి. లారీకెత్తి కుప్పం పంపాడు. సున్నపురాయి గుణం అప్పుడే బయటపడదు. కాలిన రాయి సున్నమై గోడలో దాక్కుంటుంది. తేమ తగిలాక ఉబ్బి, పెంకును లోపలి నుంచి తన్నుతుంది.

పదోరోజు కెంపమ్మ ఫోన్ చేసింది.

"పెరుగులో పెంకులు మాలతీ! జనం నోట్లోంచి తీసి బల్ల మీద పెడతాండారు. ముంత మెడకింద మీ నాయన వేసే గోటి గుర్తు ఉండాది. సచ్చినోని పేరు ఇట్ల చేస్తారా?"

చిన్నాయన ఆ గుర్తు కూడా వేయిస్తాడని మాలతి అనుకోలేదు. తను చేసిన నాలుగు ముంతలు సంచిలో పెట్టుకొని తొలి బస్సుకే కుప్పం పోయింది. టిఫిన్లు తినేవాళ్ళ ముందరే జరిగిందంతా చెప్పింది.

"తెలిసే ఊరకుంటివా?" అంది కెంపమ్మ.

"తెలిసే."

"ఎవరి పన్నన్నా ఊడింటే?"

మాలతి తల దించుకుంది. "ఆ తప్పు నాదేనమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆయనకు చెప్పనందుకు మాత్రం బాధ లేదు."

"దొంగదానివి కాదు, దుర్మార్గురాలివి" అంటూనే కెంపమ్మ ఆ నాలుగింటిలో పాలు పోసి తోడేసింది. సాయంత్రం ఒకటి బోర్లించింది. పెరుగు కదల్లేదు.

"వచ్చే నెల నుంచి ముంతలు నువ్వే పొయ్యి. ఆ పెంకులు మీ చిన్నాయనకు పంపల్ల."

"నేనే తీసుకుపోతా."

మదనపల్లె సంతరోజు, జనం నిండుగా ఉన్న పూట, ఆటో ఆపించి పదకొండు గోతాల పెంకులు జనార్దన్ అంగడి ముందర కుమ్మరించింది. ఆ చప్పుడుకు టమాటాలు బేరమాడేవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"పరువు తీస్తివి కదే! మన్ను సంగతి ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోయేది?"

"అడిగితివా చిన్నాయనా?"

జనం నవ్వారు. ఆయన గొంతు దించాడు. "ఇంకో ఆవానికి సరిపడా మన్ను పడుండాది, అమ్మా. దాన్నేం చేసేది?"

నీళ్ళలో కలిపి సన్నజల్లెడ పడితే రాళ్ళు పోతాయి. మాలతికి అది ఏడేళ్ళప్పుడే తెలుసు. ఖాళీ గోతాలు దులిపింది. ఒకదాని మీద ఒకటి మడిచి చంకన పెట్టుకొని ఆటో ఎక్కింది.

"పోనీప్పా" అంది ఆటో వానితో.

రామలక్ష్మమ్మ, అరవై నాలుగేళ్ళు, ఇప్పుడు ఉండేది వాల్మీకిపురం.