ఆరని వేలిముద్ర

పొద్దున తొమ్మిదికి జమ్మలమడుగు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా, టార్పాలిన్ నీడలో, దస్తావేజులు రాసే సకీనా బల్ల వేసుకునేది. స్టాంపు కాగితాల కట్ట, ఇంకుప్యాడు, తడిపిన స్పాంజి సర్దుకున్నాక రోజూ మొదట చేసే పని ఒకటే. వెనకాల కట్టిన తీగ దగ్గరికి పోయి, క్లిప్పులు పెట్టి వేలాడదీసిన ఊరి గొడవల రాజీ కాగితాలను వేలి వెనకవైపుతో తాకి చూసేది. ఆరినవాటిని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేది. ఆరనివి తీగ మీదే ఉండిపోయేవి.

మనసొప్పి వేసిన వేలిముద్ర చిటికెలో ఆరుతుంది. మెడ వంచి వేయించింది ఆరదు. ఇది జమ్మలమడుగులో అందరికీ తెలిసిన సంగతే. బస్టాండుకు పోయేవాళ్లు ఆగి, ఫలానా ఊరిది ఆరిందా పాపా అని వాన సంగతి అడిగినట్టు అడిగేవాళ్లు. ఆరలేదంటే ఆ రోజుకు ఆ ఊరి బస్సెక్కకుండా ఇంటికి మళ్లేవాళ్లు.

అన్నిట్లోకీ పాతది బోడిగుట్టపల్లె రాజీ. పందొమ్మిదేండ్లయినా ఆరలేదు. సకీనా తండ్రి రహమతుల్లా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన కాగితమది. ఓడిన పక్షం తరఫున ఆ ఊరి వెంకటసుబ్బమ్మ మొగుడు వేసిన ముద్రలోంచి రోజుకు పదో పన్నెండో నీలి చుక్కలు రాలతాయి. మనిషి పోయి పదేండ్లయింది. ముద్ర పోలేదు.

చుక్కల కింద పెట్టిన స్టీలు గిన్నె మాత్రం సకీనాది. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు వక్తృత్వ పోటీలో వచ్చిన బహుమతి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జరిగిన సంధి మీద మాట్లాడిందారోజు. ఓడినవాళ్లను వెర్సాయి అద్దాల మహలుకు పిలిపించి, నష్టమంతటికీ బాధ్యత మీదేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టించారని, దానికి శాంతి అని పేరు పెట్టుకున్నారని, ఇరవై ఏండ్లకు అంతకన్నా పెద్ద యుద్ధమొచ్చిందని చెప్పింది. ఆ యుద్ధానికి సంధి ఒక్కటే కారణం కాదు, కానీ పగకు కావలసిన సాకును ఆ కాగితంలోనే భద్రంగా రాసి పెట్టారని ముగించింది. జడ్జీలు మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తన తండ్రి రాసిన బోడిగుట్టపల్లె కాగితం మొదటిసారి చదివింది. ఇక ఆ గిన్నెలో అన్నం తినబుద్ధి కాలేదు.

అందులో షరతులు మూడు. గొడవల్లో రెండు పక్షాలూ కత్తులు పట్టినా, వెంకటసుబ్బమ్మ కొడుకు చచ్చిపోయినా, తప్పంతా ఆమె ఇంటివాళ్లదే. పెన్న ఒడ్డు పొలాలకు పోయే బండిబాట వాళ్లకు లేదు. ఇక ఆ ఇంటి వారసుడు పన్నెండేండ్లు ఊర్లో కాలు పెట్టకూడదు. ఆ వారసుడికి, అంటే చచ్చిపోయినాయన కొడుకు, వెంకటసుబ్బమ్మ మనవడు వివేక్‌కు, అప్పుడు ఏడేండ్లు. గెలిచిన నారాయణ, రాజీ చేసిన ఓబుళయ్య, ఇంకా పదిమంది మగవాళ్లు ఆ కాగితాన్ని చుట్టూ నిలబడి చూసి, బిర్యానీ తిని, చేతులు కడుక్కొని పోయారు. ఏడేండ్ల పిల్లోన్ని పులివెందుల బస్సెక్కించి ఊరు ప్రశాంతంగా ఉందన్నారు.

ఆ పిల్లోడు బంధువుల ఇంట్లో దినాలు లెక్కబెట్టుకుంటూ పెరిగాడు. గడువు తీరిన మర్నాడే తిరిగొచ్చాడు. ఏడేండ్లు మనుషుల్ని కూడగట్టుకున్నాడు. ఈ ఎండాకాలం అదే బండిబాట మీద నారాయణ కొడుకు కాలు నరికాడు. నారాయణ మనుషులు చెల్లాచెదురయ్యారు. ఈసారి రాజీ అడిగింది నారాయణ.

బుధవారం పదకొండింటికి మూడు బండ్లు వచ్చి టార్పాలిన్ ముందు ఆగాయి. ఒకదాంట్లోంచి మసాలా వాసన అప్పుడే వస్తోంది. ఓబుళయ్య కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఒకవైపు వెంకటసుబ్బమ్మ, వివేక్. ఇంకోవైపు నారాయణ, అతని పక్కన స్కూలు యూనిఫాంలో మనవరాలు సహస్ర. కాలు పోయినాయన కూతురు. పదో తరగతి.

"కొత్తగా ఆలోసించే పనేముంది పాపా," అన్నాడు ఓబుళయ్య. "ఆ పాతదే తీసి పేర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్సు. అంతే."

"అది ఇంగా ఆరలేదు పెద్దాయనా."

"ఆరకుంటే ఏమాయ. అచ్చరాలు కనపడతాండాయి గదా."

సకీనాకు అరికాళ్ల నుంచి మండింది. కొంప తగలబెట్టిన అగ్గిపెట్టెనే పొయ్యికి వాడుకుందామన్నంత మామూలుగా అన్నాడు. వెనక స్టూలు మీద కూర్చున్న తండ్రి మెల్లగా, రాయి బేటీ, మనం రాసేవాళ్లమే కదా అన్నాడు.

"రాసేవాళ్లమే అని మీరనుకున్నందుకే అబ్బా, ఆ గిన్నె నిండుతాండేది."

తండ్రికి ఆ మాట అంటూనే పెన్ను తీసింది. సకీనా రాసింది. రాసి, వేలిముద్రలకు ముందు గట్టిగా చదువుతానంది. ఎందుకన్నాడు ఓబుళయ్య. రాజీ కాగితం ఎవరూ చదివి వినిపించరు, అందరికీ తెలిసిందేనని ఆ పక్కల ఆనవాయితీ. ఆ ఆనవాయితీ వల్లే ముప్పై ఏండ్లుగా ఏ ఆడమనిషికీ తన ఇంటి మీద ఏం రాశారో తెలియదు. సకీనా ఆయన మాట చెవిన పెట్టకుండా చదివింది. తప్పంతా నారాయణ ఇంటివాళ్లదే. బండిబాట వాళ్లకు లేదు. ఆ ఇంటి వారసురాలు సహస్ర పన్నెండేండ్లు ఊర్లో కాలు పెట్టకూడదు.

"మరి నా పది పరీక్షలు?" అంది సహస్ర.

వివేక్ అందుకున్నాడు. "పులివెందల్లో రాసుకో. నేను రాయలా?"

వారసురాలి ముద్ర కూడా పడాలన్నాడు ఓబుళయ్య. మైనరు ముద్ర చెల్లదని సకీనా అడ్డుపడింది. ఇది కోర్టు కాదని ఓబుళయ్య నవ్వి, పిల్ల చెయ్యి పట్టుకుని బొటనవేలు ఇంకులో ముంచి కాగితం మీద ఒత్తాడు.

ముద్ర కారింది. కాగితం అంచు దాటి, స్పాంజికీ ఇంకుప్యాడుకూ మధ్యగా, బల్ల పొడవునా పాకింది. దారిలో ఉన్న టీ గ్లాసును ఓబుళయ్య తీసి పక్కన పెట్టుకున్నాడు. నీలిచార వెంకటసుబ్బమ్మ ఒళ్లో పడి ఆగింది. ఆమె చీర చూసుకోలేదు. సహస్రనే చూస్తోంది. ఆ పిల్ల ఏడవడం లేదు. కన్నార్పకుండా వివేక్‌ను చూస్తోంది, అతని ముఖాన్ని ఎక్కడో రాసిపెట్టుకుంటున్నట్టు.

"ఆపు పాపా," అంది వెంకటసుబ్బమ్మ సకీనాతో. "ఈ సూపు నాకు తెలుసు. బస్సు కిటికీలోంచి వీడు ఇట్లనే సూసినాడు. వీడు తిరిగొచ్చినాక ఏడేండ్లు అన్నం పెట్టి సాకింది నేను ఈ సూపునే. ఇంగో ఇంట్లో సాకనియ్యను. ఆ షరతు కొట్టెయ్."

"అవ్వా, మరి నా పన్నెండేండ్లు?" వివేక్ గొంతు ఏడేండ్ల పిల్లోడిదిలా సన్నబడింది.

"అవి నేను తెచ్చియ్యలేను నాయనా. ఈ పాపవి గుంజుకున్నా అవి రావు."

గెలిచినోళ్లు షరతు పెట్టకుంటే ఊరు నవ్వుతాదని ఓబుళయ్య అన్నాడు.

"నవ్వనీ అప్పా. ఏడిసి ఏడిసి ఉండాది. కొన్ని దినాలు నవ్వనీ."

సకీనా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి కొత్తది తీసింది. ఈసారి రాసింది తక్కువ, అడిగింది ఎక్కువ. బాట ఇద్దరిదీ. పందొమ్మిదేండ్ల కిందటి చావు నుంచి ఈ ఎండాకాలం దాకా ఎవరు చేసింది వాళ్ల పేరు కింద. వివేక్ నాయనను నరికినవాళ్లలో తన తమ్ముడూ ఉన్నాడని నారాయణ నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఎవరూ ఊరు విడవక్కర్లేదు. కాలు నరికిన కేసు వాపసు లేదు, కోర్టులోనే నడుస్తుంది. ఆ మాట దగ్గర వివేక్ లేచి నిలబడ్డాడు. అవ్వ అతని మోచెయ్యి పట్టుకుని, గట్టిగా లాగి, కూర్చోబెట్టింది. చానాసేపటికి అతను బొటనవేలు ఒత్తాడు. ఓబుళయ్య బిర్యానీ తినకుండానే బండెక్కాడు.

మర్నాడు పొద్దున సకీనా వచ్చేసరికి తండ్రి ముందే వచ్చి పాత కాగితం కింద నిలబడి ఉన్నాడు. గిన్నెలో చుక్క పడిన సప్పుడు లేదు. రహమతుల్లా వేలి వెనకవైపుతో ముద్రను తాకి, ఇంకు అంటని ఆ వేలిని కండ్ల దగ్గర పెట్టుకుని, గిన్నె కడగడానికి కొళాయి దగ్గరికి పోయాడు.

వారం తర్వాత, బోడిగుట్టపల్లె బస్సు దిగి సహస్ర బల్ల దగ్గరికి వచ్చింది. పరీక్ష ఫారం నింపాలంది. కొత్త రాజీ కాగితం వెనక తీగ మీద ఊగుతోంది. వెంకటసుబ్బమ్మదీ నారాయణదీ ఆరిపోయాయి. వివేక్ ముద్ర అంచుల వరకే ఆరింది, నడిమధ్య ఇంకా చెమ్మ.

చిరునామా దగ్గర సకీనా పెన్ను ఆపింది. "ఊరేం రాయమంటావు?"

"ఏందక్కా, తెలియనట్టు అడుగుతాండావు," అంది సహస్ర. "మా ఊరే. బోడిగుట్టపల్లె."