చాందినీకి కుదిరిన కళ్లెం

నాలుగో కళ్లెం కూడా గోడకు కొట్టుకుని కింద పడింది. రేకుల షెడ్డులో గుర్రం చాందినీ వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. ఎంకన్న దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు. బొటనవేలి దగ్గర తోలు లేచిపోయి రక్తం కారుతోంది.

"ఇగ అయ్యేది లేదు వదినా," అన్నాడు. "శుక్రవారం పెండ్లి దాకా చూస్త. అప్పటికి కళ్లెం పట్టకుంటే ఆదివారం సేటు లారీ పంపుతడు. ఎక్కిచ్చుడే."

బాలలక్ష్మి గడప ఇవతలే నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టలేదు. పెట్టకూడదు. ఆమె మొగుడు మొగిలి పోయి మూడు నెలలైంది. పెళ్లికొడుకు ఎక్కే గుర్రాన్ని మొగుడు పోయిన ఆడది తాకకూడదని ఈ పని చేసేవాళ్ల కట్టుబాటు. గడప ఇవతల నుంచి గడ్డి వెయ్యొచ్చు, బయటికి తోసిన లద్ది ఎత్తొచ్చు. కళ్లెం, జీను, జరీ గుడ్డ ముట్టుకుంటే మాత్రం ఆ గుర్రాన్ని ఇంకెవరూ పిలవరు. అందుకే దినాలైన మర్నాటి నుంచీ చాందినీ మూతి దగ్గరి పని అంతా మరిది చేతిలోకి పోయింది.

గుర్రాలు కొనే సేటు లారీ ఎక్కిన గుర్రం ఊరవతల ఇటుక బట్టీలకు పోతుంది. అక్కడికి పోయినది రెండో ఎండాకాలం చూడదని మాణికేశ్వర్ నగర్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చాందినీకి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. మొగిలి దాన్ని పిల్లగా తెచ్చి, యూనివర్సిటీ లోపలి మట్టిదారుల్లో తిప్పి తిప్పి తయారు చేశాడు. ఇంట్లో ఉన్న ఒక్క గుర్రం అదే. పొయ్యి వెలిగేదీ, కూతురు నిరోష ఎమ్మెస్సీ చదివేదీ దాని మీదే.

మొగిలి ప్రాణం తీసిందీ అదే. అందరూ అనే మాట అది. తార్నాక చౌరస్తా దగ్గర ఊరేగింపులో ఉన్నట్టుండి వెనక్కి లేచి, పగ్గం పట్టుకున్న మొగిలి మీదే పడింది. పెళ్లికొడుకు పక్కకు దూకి బతికిపోయాడు. పడుచు గుర్రం, పొగరుబోతు గుర్రం అన్నారు. ఆ రోజు నుంచి అది కళ్లెం పట్టలేదు. ఇనుము చూపిస్తే చాలు, తల ఎగరేస్తుంది, పళ్లు బిగిస్తుంది, గోడకు అతుక్కుపోతుంది.

గుర్రాన్ని ముట్టుకోకూడదు గానీ, దాని కోసం నాలుగు గడపలు ఎక్కకూడదని ఎవరూ అనలేదు. బాలలక్ష్మి లాలాపేట్ బస్సెక్కింది.

శామ్యూల్ గుర్రపు పోలీసుల దగ్గర ముప్పై ఏళ్లు గుర్రాలను సాకి రిటైరైన మనిషి. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి తలుపు దగ్గర కుర్చీకే పరిమితం. గోడకు మేకులు, మేకులకు పాత కళ్లేలు. ఆమె చెప్పిందంతా విన్నాడు. ఇంతవరకు ఏవేవి పెట్టి చూశారో ఒక్కొక్కటిగా అడిగాడు. సన్నటి ఇనుము కోస్తుందన్నాడు. లావుది పెడితే చిన్న నోరు కూరినట్టవుతుందన్నాడు. రెండు ముక్కలుగా మడిచేది అందరూ మెత్తనిదనుకుంటారు గానీ, పగ్గం గుంజినప్పుడల్లా అడకత్తెరలా నాలుకను నొక్కుతుందట. చివరికి కర్రతో చూపించి రెండు కళ్లేలు దింపించాడు. ఒకదాని ఇనుము తిన్నగా, నున్నగా, రబ్బరు తొడిగి ఉంది. రెండోదానికి నడుమ చిన్న కమాను వంపు ఉంది. ఆ వంపు కింద నాలుకకు జాగా దొరుకుతుంది.

"ఏది తీస్కపోవాల్నో నోరు చూస్తే తెలుస్తది," అన్నాడు. "నోట్ల ఏమన్న దెబ్బ ఉన్నదా?"

"లేదు కాకా. మా మరిది చూసిండట."

"నువ్వు చూసినవా?"

బాలలక్ష్మి తల దించుకుంది. కట్టుబాటు సంగతి చెప్పింది. ముసలాయన దగ్గులాంటి నవ్వు నవ్వాడు.

"ముత్తయిదువ ఎవరో, ముండమోసింది ఎవరో పెండ్లోళ్లకు ఎరుక బిడ్డా. గుర్రానికేం ఎరుక? పో, చూడు పో. దేవుడేమన్న అంటే నా పేరు చెప్పు."

రెండూ సంచిలో వేసి ఇచ్చాడు.

గురువారం పొద్దున్నే ఎంకన్న జరీ గుడ్డ తేవడానికి నల్లకుంట పోయాడు. అతని బండి చప్పుడు సందు దాటగానే బాలలక్ష్మి గడప దాటింది. మూడు నెలల్లో మొదటిసారి. చాందినీ మెడకు తాడు కట్టి, నిరోషను తోడు తీసుకుని, గోడ కూలిన చోటు నుంచి యూనివర్సిటీలోకి నడిపించింది. హాస్టళ్ల వెనక వేపచెట్ల కింద ఆగారు. పొద్దుటి నడకలకు వచ్చినవాళ్లు దూరంగా తారురోడ్డు మీద పోతున్నారు. ఇటువైపు ఎవరూ లేరు.

పెదవి చివర పళ్లు లేని చోట బొటనవేలు పెడితే గుర్రం నోరు తెరుస్తుంది. మొగిలి అలా చెయ్యడం ఆమె ఎన్నో ఏళ్లు చూసింది. చెయ్యడం మాత్రం ఇదే మొదలు. చాందినీ ఒకసారి వణికి, ఆమె అరచేతిని వాసన చూసి, నోరు వదులు చేసింది. నిరోష ఫోను లైటు వేసింది.

నాలుక మీద అడ్డంగా తెల్లటి మచ్చలు. ఒకదాని పక్కన ఒకటి, ఒక్క వరసలో, దువ్వెన పళ్లు దిగినట్టు. ఒక పక్క అంచు తెగిపోయి, నొక్కు పడి మానింది.

"ఇదేంది అమ్మా?"

బాలలక్ష్మి వేలి కొసతో ఆ వరసను తడిమింది. ఆమెకు అర్థమైంది. ముళ్ల కళ్లెం. లోపలి వైపు ఇనుప ములుకులుండే రకం. మొండి గుర్రం రెండు నిమిషాల్లో మెత్తబడుతుందని పెళ్లి గుర్రాలవాళ్లు కొందరు వాడతారు. మొగిలి దాన్ని ఇంటికి రానివ్వలేదు. ఒకసారి ఎంకన్న ఎక్కడి నుంచో తెస్తే, పదిమంది ముందు తమ్ముడి చెంప పగలగొట్టాడు. ఈ గుర్రం నోట్లో చెయ్యి పెట్టినవాళ్లు ఇద్దరే అన్నదమ్ములు. ఒకడు మట్టిలో ఉన్నాడు.

ఆమె సంచి తెరిచింది. తిన్నని ఇనుము చేతిలోకి తీసుకుని చూసింది. అది సరిగ్గా మచ్చల మీదే కూర్చుంటుంది. పక్కన పెట్టేసింది. కమాను ఉన్నది తీసి, చలికి చల్లబడిన ఇనుమును రెండు అరచేతుల మధ్య పెట్టి వెచ్చబడేదాకా రుద్దింది. చాందినీ వాసన చూసింది. నాకింది. తలెత్తింది, దించింది. మళ్లీ నాకింది. తర్వాత నోరు తెరిచి తీసుకుంది. చెవుల వెనక తోలు పట్టీ బిగిస్తుంటే కదలకుండా నిలబడి, ఇనుమును నాలుకతో కాసేపు ఆడించి ఊరుకుంది.

నిరోష పగ్గం పట్టుకుని నడిపించింది. వేలితో తాకితే ఆగింది. వదిలితే నడిచింది. నాలుగు కళ్లేలు విసిరికొట్టిన గుర్రం ఇదేనంటే ఎవరూ నమ్మరు. పిల్ల మొహం విప్పారింది. తల్లి మాత్రం చెట్టుకు ఆనుకుని అలాగే నిలబడింది.

బండి చప్పుడు వినిపించింది. ముందు విన్నది చాందినీయే. చెవులు వెనక్కి వాలాయి. మనిషి కనపడకముందే వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

ఖాళీ షెడ్డు చూసి వెతుక్కుంటూ వచ్చిన ఎంకన్న బండి ఆపి, కళ్లెం వైపు, వదిన చేతుల వైపు చూశాడు.

"నువ్వు ముట్టినవా వదినా?"

"ముట్టిన. నోరు గూడ తెరిచి చూసిన."

అతను బండి స్టాండు వెయ్యబోయి మర్చిపోయాడు. బండి పక్కకు పడింది. లేపలేదు. అక్కడే రాతి మీద కూలబడ్డాడు. కాదనలేదు, అబద్ధమాడలేదు. అడక్కుండానే చెప్పుకుపోయాడు. ఆ రోజు డప్పులకు చాందినీ తల ఆడిస్తుంటే పెళ్లివాళ్లు నవ్వారట. గుర్రమా, గంగిరెద్దా అని మొగిలిని నలుగురిలో ఎద్దేవా చేశారట. మొగిలి నీళ్లు తాగడానికి పక్కకు పోయినప్పుడు ఎంకన్న కళ్లెం మార్చి ముళ్లది పెట్టాడు. ఒక్క రోజుకే కదా అనుకున్నాడు. అన్న మళ్లీ కొడతాడని చెప్పలేదు. అన్న వచ్చాడు, ఎప్పటిలాగే పగ్గం చేతికి చుట్టుకున్నాడు. బ్యాండు ఒక్కసారిగా మోగింది. గుర్రం ముందుకు దూకబోతే, మెత్తటి కళ్లేనికి గుంజినంత బలంగా గుంజాడు. మొగిలిని అందరూ ఆటోలోకి ఎత్తుతుంటే ఎంకన్న ఆ కళ్లెం ఊడదీసి నాలాలో పడేశాడు.

"అటెన్క ఉప్పునీళ్లతోని రోజు నేనే కడిగిన వదినా," అన్నాడు. "పుండు మాన్పింది గూడ నేనే."

నిరోష పగ్గం వదలకుండానే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నువ్వు చెప్పుంటే నాయిన గంత గట్టిగ గుంజకపోతుండె చిన్నాయనా."

"ఎరుకే బిడ్డా."

"మరి లారీ ఎందుకు?" అంది బాలలక్ష్మి. "ఎవరన్న నోరు తెరిచి చూస్తరనా?"

"నన్ను చూస్తే అది వెనక్కి పోతది కదా. రోజు పొద్దున అది చూడలేక," అన్నాడు ఎంకన్న.

ఇక షెడ్డు వైపు రావద్దని ఆమె చెప్పింది. అతను లేచి, బండి ఎత్తుకుని, ఒక్క మాట మాత్రం అడిగి పోయాడు. "రేపు పగ్గం ఎవరు పడ్తరు మరి? నువ్వు పడితే పెండ్లోళ్లు ఊకుంటరా?"

శుక్రవారం తార్నాకలో గుడి దగ్గర నుంచి ఫంక్షన్ హాలు దాకా ఊరేగింపు. బాలలక్ష్మి కొంగు తల నిండా కప్పుకుని తనే పగ్గం పట్టుకుంది. పెళ్లికొడుకు ఎక్కాడు. అయిదేళ్ల మేనకోడల్ని ముందు కూర్చోబెట్టుకున్నాడు. చాందినీ కదల్లేదు. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడే పెళ్లికొడుకు తల్లి కమలాదేవి హారతి పళ్లెంతో వచ్చి, బాలలక్ష్మి నుదుటి వైపు చూసి ఆగిపోయింది.

గట్టిగా ఏమీ అనలేదావిడ. పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది. "ఏమనుకోకమ్మా. శుభకార్యం. మీవాళ్లు ఇంకెవరన్న లేరా?"

బ్యాండు మేస్త్రీ నరహరి దూరంగా పెళ్లి గొడుగు మోస్తున్న ఎంకన్నను పిలిచాడు. వద్దన్నా ఎంకన్న ఊరేగింపుకు వచ్చాడు. పిలుపు వినగానే అలవాటు కొద్దీ నాలుగడుగులు వేశాడు. చాందినీ నడుము వెనక్కి కుంగింది. జీను మీది పిల్ల రెండు చేతులా మామను పట్టుకుంది. పగ్గం ఇస్తే ఏమవుతుందో బాలలక్ష్మికి తెలుసు. ఇవ్వకపోతే పెళ్లికొడుకు దిగుతాడు, గుర్రం కళ్లెం పట్టినా పనికిరానిదవుతుంది, ఆదివారం లారీ వస్తుంది. ఆమె పగ్గాన్ని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

ఎంకన్న తనంతట తానే ఆగిపోయాడు. "నేను పట్ట మేడం. నాతోని అది రాదు," అని వెనక్కి జరిగాడు.

కారు తెమ్మని ఎవరో అన్నారు. పెళ్లికొడుకు ఒక కాలు రికాబులోంచి తీశాడు.

నిరోష క్లాసుకు పోతూ చూసిపోదామని వచ్చింది. భుజాన బ్యాగు ఉంది. అది తీసి తల్లి చేతికిచ్చి పగ్గం అందుకుంది.

"నేను పడ్త. మొగిలి బిడ్డను."

కమలాదేవి నిరోషను పైనుంచి కిందికి చూసింది. "పెళ్లి కాలేదు కదమ్మా?"

"కాలే."

"అయితే మంచిదే," అని కుంకుమ పెట్టింది.

బాలలక్ష్మి రోడ్డుకు అవతలి పక్కకు పోయి నడిచింది. బ్యాండు మోగింది. చాందినీ మెడ వంచింది, నోట్లో ఇనుమును ఒకసారి కదిపింది, నడిచింది. మెట్రో స్తంభాల కింద, మొగిలి పడిన చోట, డప్పులు రెట్టించాయి. నిరోష నేల వైపు చూడలేదు. రెండు వేళ్లతో పగ్గాన్ని తాకింది. గుర్రం ఆగింది, పెళ్లివాళ్లు ఆడారు, గుర్రం మళ్లీ కదిలింది. సిగ్నల్ దగ్గర ఆగిన యూనివర్సిటీ బస్సులోంచి ఎవరో నిరోష పేరు పెట్టి పిలిచారు. కిటికీల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయి. పిల్ల చున్నీ సర్దుకుని ముందుకే చూసింది.

హాలు ముందు పెళ్లికొడుకు దిగాక కమలాదేవి సంబరపడిపోయింది. చెల్లెలి కొడుకు పెళ్లికి కూడా ఈ అమ్మాయే రావాలంది. నరహరి ఫోను తీసి, వచ్చే నెల ముహూర్తాలన్నీ చదివాడు. ఎవరూ దొరకడం లేదని, గుర్రం ఇంత మెత్తగా నడిస్తే అన్నీ దీనికే ఇస్తానని చెప్పాడు.

"ఒక్కటే మాట. క్లాసులు గీసులు అంటే కుదరది అమ్మాయ్. పరీక్షలున్నా ముహూర్తం ఆగదు. వస్తవా?"

నిరోష చాందినీ నోట్లోంచి కళ్లెం తీస్తోంది. నురగ తప్ప నెత్తురు చుక్క లేదు. ఇనుమును చున్నీ కొసతో తుడిచింది.

"వస్త అన్నా. అన్నిటికీ వస్త," అంది. తర్వాత గొడుగు మడుస్తున్న ఎంకన్న వైపు తిరక్కుండానే చెప్పింది. "చిన్నాయనా, సేటుకు ఫోన్ చెయ్యి. లారీ వద్దను."

రోడ్డు దాటి వచ్చిన బాలలక్ష్మి ఆ మాటలన్నీ విన్నది. చదువు వదలొద్దు అనడానికి ఆమెకు ఒక్క మాట చాలు. ఆ మాట అంటే ఆదివారం లారీ వస్తుంది. ఎంకన్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు.

ఆమె అనలేదు.