కాలేయం మీద నల్ల ముసుగు

ఆమె తయారుచేసిన మందును సూదితో ఎక్కిస్తే, వేగంగా పాకే మొండి క్యాన్సర్ ఒంట్లో ఎక్కడ నక్కి ఉన్నా స్కాన్‌లో వెలుగుతుంది. తొమ్మిదేళ్లు ఎలుకలతో వేగి సాధించింది. ల్యాబులో అందరూ 'దీపాలమ్మ' అని ఏడిపించేవారు. ఆమెకూ లోలోపల గర్వంగానే ఉండేది.

ఒక్కటే తలనొప్పి. ఆ మందు కాలేయం గుండా బయటికి పోతుంది. అందుకని జబ్బున్నా లేకున్నా ప్రతి స్కాన్‌లోనూ కాలేయం భగ్గున వెలిగేది. మందు కిడ్నీల గుండా పోయేలా మార్చాలంటే ఇంకో రెండేళ్లు కావాలి.

"రెండేళ్లా? ఈలోపు అవతలి ల్యాబువాళ్లు నోటి దగ్గర ముద్ద లాక్కుపోతారు," అన్నాడు బాసు.

ఉపాయం ఆమే చెప్పింది. స్కాన్ బొమ్మలో కాలేయం మీద నల్ల ముసుగు వేసేద్దామంది. అబ్బ, మిగతా బొమ్మ ఎంత ముచ్చటగా కనిపించిందో! సదస్సులో ఒకటే చప్పట్లు. ఆ తర్వాత ముసుగు వేసే పని కంప్యూటరే చూసుకునేది. అదొకటి ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. సిగ్గుచేటేమిటంటే, ఆమె కూడా మరిచిపోయింది.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన ఆమె అక్క, ఈ మందును మనుషుల మీద పరీక్షిస్తున్నారనగానే అందరికంటే ముందు పేరిచ్చింది.

"డాక్టరుగారు మామూలు పొట్ట స్కాన్ కూడా తీయించుకోమన్నారే," అంది.

"నా మందుకు కనబడనిది దానికి కనబడుతుందా? అక్కర్లేదక్కా. నా స్కాన్‌లో ఒళ్లంతా శుభ్రంగా ఉంది."

ఎనిమిది నెలలకు అక్క కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం నిండా గడ్డలే.

చెల్లెలు పాత స్కాన్ తెరిచి ముసుగు తీసింది. కాలేయమంతా ఒకటే వెలుగు. అందులో ఏది మందో ఏది జబ్బో, చేసిన మనిషికే అంతుచిక్కలేదు. ఆ మామూలు స్కాన్ తీయించి ఉంటే తెలిసేది. వద్దన్నది తనే. ఆ మాట తలుచుకుంటే ఆమెకు తన నోరు తనకే అసహ్యమేసింది.

ఆసుపత్రికి వెళ్లగానే అక్క ఆమె చెయ్యి పట్టుకుని నర్సుకు చూపించింది. "మా చెల్లెలమ్మా. క్యాన్సర్ ఎక్కడ దాక్కున్నా పట్టేస్తుంది. నాది దీనిక్కూడా చిక్కలేదు, ఏం చేస్తుంది పాపం!"

నర్సు బయటికి వెళ్లేదాకా చెల్లెలు ఆగింది.

"చిక్కకపోవడం కాదక్కా. బొమ్మలో కాలేయాన్ని నేనే కప్పేశాను."

"ఎందుకే?"

"బొమ్మ బాగా కనబడాలని."

అక్క తన చేతిని మెల్లగా విడిపించుకుని దుప్పటి కింద పెట్టుకుంది.