మూలలు గుండ్రం చేసిన మనిషి

"మూలలు గుండ్రం చేయడమే కదా, అదెంతసేపు!" అన్నాడు భర్త, తిన్న ప్లేటు ముందుకు జరుపుతూ. ఆమె ఆ ప్లేటు తీసి, బల్ల తుడిచి, అదే బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. వాళ్లది బోర్డులు డిజైన్ చేసే చిన్న కంపెనీ. కంపెనీ అంటే తలుపు మీద ఆయన పేరు, భోజనాల బల్ల మీద ఆమె పని.

ఈసారి వచ్చిన పని పిల్లల ఆస్పత్రిలో దారి చూపే గుర్తులు, మొత్తం తొంభై ఆరు. మొదటి నమూనాలు చూసి డైరెక్టరమ్మ "అన్నీ గుచ్చుకునేలా ఉన్నాయి" అందట. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మూల లోపలా ఒక చుక్క ఉంటుంది. దాన్ని మౌస్‌తో పట్టుకుని లోపలికి లాగితే మూల గుండ్రమవుతుంది. అన్నిటినీ ఒకేసారి లాగేయొచ్చు కూడా. ఆయనకు తెలిసింది అదే. అలా లాగితే కోసుగా ఉన్న మూల మొద్దుబారిపోయి బాణం కాస్తా బంగాళాదుంపలా తయారవుతుంది. అందుకే ఆమె ఒక్కో మూలనీ విడిగా లాగి, కాస్త వెనక్కి తగ్గించి, కంటికి నచ్చకపోతే మళ్లీ లాగింది. మధ్యలో కుక్కరు, బట్టలు, కూతురి హోంవర్కు, "పొద్దస్తమానం ఆ గీతలేంటే, ఇంట్లో మనుషులు కనబడరా?" అనే అత్తగారు. ఆరు వారాలు పట్టింది. సూదిమందు గది గుర్తు ఒక్కదానికే రెండు రోజులు.

అక్కడ చేయి ఆగడానికి కారణం ఉంది. కూతురికి నాలుగేళ్లప్పుడు న్యుమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచారు. తలుపు మీద సూది బొమ్మ కనబడగానే పిల్ల ఆమె మెడ కరుచుకుపోయేది. నాలుగో రోజు నుంచి ఆ తలుపు దాటేటప్పుడల్లా ఆమె బొమ్మ మీద అరచేయి అడ్డం పెట్టేది. ఆయన "ఆస్పత్రి వాసన నాకు పడదు" అని గేటు దగ్గరే క్యారియర్ ఇచ్చి వెళ్లిపోయేవాడు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఈమధ్య ఓ సాయంత్రం "ఈ సూది దగ్గరే ఎందుకంత తంటా పడుతున్నావ్?" అని ఆయన మంచిగా అడిగితే, ఆ కాస్త మంచితనానికే కరిగి, ఆయనొక్కడికి చెప్పింది.

ప్రారంభోత్సవం నాడు డైరెక్టరమ్మ ఆ గుర్తు ముందు ఆగింది. "సూదే, కానీ భయం వేయట్లేదు. ఎలా తట్టిందండీ మీకు?" అని ఆయన్ని అడిగింది.

ఆయన గొంతు తగ్గించాడు. "మా పాప జబ్బు పడ్డప్పుడు తొమ్మిది రోజులు దాని మంచం పక్కనే ఉన్నాను మేడమ్. ఇలాంటి తలుపు దాటేటప్పుడు, బొమ్మ కనబడకుండా ఇలా చేయి పెట్టేవాణ్ని." పెట్టి చూపించాడు కూడా. పక్కనున్న నర్సు కళ్లొత్తుకుంది.

ఆయన వెనకే నిలబడ్డ ఆమెకు ముందు అర్థం కాలేదు. ఎవరి పాప, ఎవరి చేయి అనిపించింది.

"మా ఆవిడ," అని తర్వాత పరిచయం చేశాడు. "ఇంట్లోనే ఉంటుంది. రంగులూ అవీ నింపిపెడుతుంది."

కారెక్కాక అడిగింది. "ఆ చేయి నాది కదా?"

"అబ్బా, మొదలుపెట్టావా! మనిద్దరిలో నీదేంటి, నాదేంటి? ఆవిడ ఎంత కదిలిపోయిందో చూశావుగా. కొత్త భవనం పని కూడా మనకేనట. రేపే కూర్చో."

ఆమె కూర్చోలేదు. మర్నాడు కూతుర్ని బడిలో దింపి, లాప్‌టాప్ పట్టుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లింది. డైరెక్టరమ్మ ముందు ఫైలు తెరిచి, ఒక మూల పట్టుకుని మొత్తం కోసుగా చేసి, మళ్లీ ఎంత వరకు లాగాలో లాగి చూపించింది.

"గీసింది నేను. ఆ తొమ్మిది రోజులు పాప పక్కనున్నదీ నేనే. కొత్త భవనం పని ఇస్తే నాకివ్వండి. ఇవ్వకపోయినా సరే, ఆయన పేరు మీద మాత్రం ఇక గీయను."

డైరెక్టరమ్మ తెర వైపూ ఆమె వైపూ చూసింది. "ఇన్నేళ్లూ ఆయన పేరు మీదే చేశారు కదమ్మా. ఇప్పుడేమైంది?"

"నిన్నటిదాకా, నా పని ఒక్కటే తీసుకుంటున్నాడనుకున్నాను మేడమ్."