యాసెన్ మొక్కలకు ఎర్ర దారం

కోత యంత్రాల రొద వినగానే బారా పరుగెత్తింది. అరవై రెండేళ్ళ మనిషి, రబ్బరు బూట్లు బురదలో దిగబడుతున్నా ఆగలేదు. రొద వస్తున్నది కొట్టేయాల్సిన అమోర్ఫా పొదల వైపు నుంచి కాదు, తన మొక్కల వైపు నుంచి.

సావా నది పొంగినప్పుడల్లా మునిగే ఆ అడవిలో యాసెన్ చెట్లన్నీ తెగులు సోకి నిలువునా ఎండిపోయాయి. ఒక్కటి మాత్రం పచ్చగా మిగిలింది. దాని గింజలు ఏరి, మొలకెత్తించి, నలభై మొక్కలు నాటింది బారా. పందులు తవ్వకుండా, వరద ఈడ్చుకుపోకుండా ఐదేళ్ళు కాపాడింది. మొన్న మార్చి గాలికి ఆ తల్లిచెట్టూ కూలింది. ఇక ఉన్నవి ఆ నలభయ్యే. వాటి మీదికి అమోర్ఫా కమ్ముకొస్తోంది. పాడు పొద, ఎండ పొడ తగలనివ్వదు. దాన్ని తీయించమని మూడేళ్ళు అటవీ కార్యాలయం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. "దండిగా పూస్తుంది, దాంతో నీకేం పేచీ వదినా?" అనేవాడు తేనెటీగలు పెంచే ఇంబ్రో. "నీ సీసాలకు తేనె, నా అడవికి పాడె!" అనేది బారా.

"ఆపండ్రా! ఆపండి!"

యంత్రాలు ఆగాయి. మేస్త్రీ వింకో, ముప్ఫై ఏళ్ళ పట్నం మనిషి, హెల్మెట్ తీశాడు. "ఏమైందమ్మా? మీ అర్జీ మీదేగా వచ్చాం?"

"అమోర్ఫా కొట్టమని రాశాను! ఇవేమిటి? కళ్ళు నెత్తికెక్కాయా?"

"ఇదేగా అది. ఈనెకు అటూ ఇటూ చిట్టి ఆకులు..."

బారాకు ఒళ్ళు మండిపోయింది. కింద పడున్న కొమ్మ ఒకటి, పక్క పొదలోంచి ఇంకొకటి లాగి అతని ముఖం ముందు పెట్టింది. "చూడు. యాసెన్ రెమ్మలు రెండేసి ఎదురెదురుగా పుడతాయి. ఈ దరిద్రానికి ఒకటి కింద, ఒకటి పైన. అప్పటికీ తెలియలేదా, నలిపి వాసన చూడు!" అమోర్ఫా ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టింది. ఆ ఘాటుకు వింకో ముఖం తిప్పుకున్నాడు.

"నిజమేనమ్మా, తప్పే. కానీ గుర్తులు పెట్టి ఉన్నాయి కదా," అన్నాడు మెల్లగా. "మా పనిలో ఎర్ర గుర్తుంటే కొట్టేయమనే అర్థం. వరసగా ఎర్ర దారాలు కనిపిస్తే, మీరే మాకు పని సులువు చేశారనుకున్నాం."

బారా దారాల వంక చూసింది. ఆ దారాలు తనే కట్టింది. పుట్టిన దూడ మెడకు, పసిబిడ్డ చేతికి దిష్టి తగలకుండా ఎర్ర ఉన్ని కట్టడం వాళ్ళ అమ్మమ్మ నాటి అలవాటు. కోతకు కొత్తవాళ్ళు వస్తున్నారు, ఎవరి కళ్ళు ఎలాంటివో అని పోయిన వారమే నలభై మొక్కలకూ ముడి వేసింది. తన చేతులు తనే నరుక్కోవాలన్నంత కోపం వచ్చింది.

"మా ఊళ్ళో దూడలన్నిటికీ ఎర్ర దారమే. వాటినీ కోసేస్తారా? దారం చూసినవాడివి ఆకు చూడలేకపోయావా?"

వింకో తెగిన మొక్కలు లెక్కపెట్టాడు. ముప్ఫై ఏడు పడిపోయాయి. మూడే నిలబడి ఉన్నాయి.

"మొదళ్ళు మళ్ళీ చిగురిస్తాయేమో అమ్మా."

"చిగురించేలోగా ఆ మాయదారి పొద కప్పేస్తుంది."

"అయితే ఇప్పుడే దాన్ని కొట్టేస్తాం."

"కొడితే పదింతలై లేస్తుంది! వేళ్ళతో సహా పెరకాలి. పారలు తీయించు."

వింకో వెంట వచ్చిన కుర్రాళ్ళు పారల కోసం బండి దగ్గరకు వెళ్ళారు. బారా బురదలో మోకాళ్ళ మీద పాకుతూ, తెగిన మొక్కల నుంచి దారాలన్నీ విప్పింది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. లేచి వెళ్ళి ఒక్కొక్క అమోర్ఫా పొదకూ ఒక్కొక్క దారం బిగించి కట్టింది.

"నీకు తెలిసిన గుర్తు ఇదొక్కటేగా," అంది వింకోతో. "ఇక పెరుకు."

తర్వాత మిగిలిన మూడు యాసెన్ మొక్కల దారాలూ విప్పేసి జేబులో పెట్టుకుంది. వాళ్ళు పని ముగించి వెళ్ళేదాకా వాటి ముందు నుంచి కదలలేదు.