మరమ్మతులో ఉన్న పూతరేకులు

“మరమ్మతుకి మూసేది రెండ్రోజులే మురళీ. దసరా లోపు మళ్లీ తెరిచేస్తాం. సైటు ఆడవాళ్లది, నేను కాపలావాణ్ణే.”

పూతరేకుల సంఘం కార్యదర్శి దొరబాబు ఈ మాట అన్న పూట ఆత్రేయపురంలో ఎప్పటిలాగే పొయ్యిలు వెలుగుతున్నాయి. సూర్యకళ పల్చటి పిండినీళ్లలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి, రేకులు ఊడదీస్తోంది. ఆడవాళ్లు మధ్యలో ఎవరూ లేకుండా అమ్ముకోవాలని మురళీకృష్ణ కట్టిన సైటది. దాని మొదటి పేజీలో ఏముంటే ఊళ్లో రేకుల మీద అదే పడేది. సూర్యకళ అక్షరాలు లోపలికి పోయేలా మడిచి, నెయ్యి రాసేది.

“మూయడానికి ప్లగిన్లూ గిగిన్లూ వద్దు. ఎవడో నొక్కి తెరిచేస్తాడు,” అన్నాడు దొరబాబు.

మురళి రావులపాలెం నెట్ సెంటర్లో కూర్చుని చేత్తోనే రాశాడు. వచ్చినవాళ్లందర్నీ ఒకే పేజీకి మళ్లించే నాలుగు వరుసలు. తన పని కోసం ఆ సెంటరు నుంచి చూస్తే మాత్రం సైటు మామూలుగానే తెరుచుకునేలా పెట్టుకున్నాడు. మర్నాడు రేకుల మీద “మరమ్మతులో ఉంది, మళ్లీ రండి” అని వచ్చింది.

దసరా వెళ్లిపోయింది. మురళి తెరవబోతే పాస్‌వర్డు పనిచెయ్యలేదు. సెంటరు నుంచి లోపలికి చూశాడు. ఆడవాళ్ల పేర్లూ ఫోను నంబర్లూ ఉన్నచోట ఇప్పుడు ఒకటే పేరు: దొరబాబు స్వీట్స్.

‘చేసేవాళ్లదే మార్కెట్’ అని అతనికి నేర్పిందే ఆ మనిషి.

“ఇది దోపిడీ అక్కా! శ్రమ మీద పెట్టుబడి పన్నిన కుట్ర!” సూర్యకళ వాకిట్లో ఊగిపోయాడు మురళి.

“అరిచింది చాలుగానీ ఆ ఎండు కొబ్బరాకు ఇలా పడెయ్ తమ్ముడూ. అంటే దీపావళికి నన్నెవరూ అడగరు. మళ్లీ ఆయన దగ్గర కూలికేగా?”

“పాస్‌వర్డు ఆయన చేతిలో ఉందక్కా.”

“కుండ నా చేతిలో ఉంది. ఏం రాయాలో చెప్పు. పొట్టిగా చెప్పు, నీ ఉపన్యాసమంతా దీనికి పట్టదు.”

అతను చెప్పాడు. ఆమె గుడ్డ కొసతో కుండ మీద రాసి, కింద తన నంబరు వేసి, పైన పిండి పరిచింది. రేకు ఊడొచ్చింది. పక్కింటి పాపాయమ్మ రేకుల మీదా అవే అక్షరాలు. సైటులోనూ అవే. సాయంత్రం హైదరాబాదు బస్సెక్కిన దొరబాబు స్వీట్స్ పెట్టెల్లోని రేకుల మీదా అవే.

మర్నాడు హైదరాబాదు నుంచి సూర్యకళకి ఫోను మోగింది. “ఏమ్మా, మీ రేకు చదివాం. పండక్కి మీ దగ్గరే తీసుకుంటాం. ఇంతకీ ఆయన జవాబు చెప్పారా?”

“ఇంకా లేదండి,” అని సూర్యకళ ఇంకో రేకు తీసింది. దాని మీదా అవే అక్షరాలు:

“దొరబాబు గారూ, ఈ సైటు మాది. ఎందుకు లాక్కున్నారు? 2008 అక్టోబరు 20, సోమవారం లోగా జవాబు చెప్పండి.”